చేబదులు

ఆ వాల్వు నా దగ్గర లేదు.
అరల్లో లేదు, అట్టపెట్టెల్లో లేదు,
చేసిన కార్ఖానాయే లేదు ఇప్పుడు.
క్లైడ్ ఒడ్డున అది ఉన్నచోట
బాల్కనీల్లో సైకిళ్ళు వేలాడే ఫ్లాట్లు.

ఇరవయ్యారేళ్ళుగా ఫాస్లేన్ స్టోరులో
ఇష్బెల్ గాల్‌బ్రెయిత్ అనే నా ఉద్యోగం
లేదని చెప్పడం,
చీటీ మీద ఎర్రముద్ర గుద్దడం,
ఆపైన, ఉన్నదెవరి దగ్గరో వెతకడం.

ఉంది.
డాక్‌లో పొట్ట విప్పుకుని పడుకున్న సబ్‌మెరైన్‌లో ఉంది.
రెండేళ్ళ మరమ్మతు. దాని ఒంట్లోంచి ఇప్పటికే
పంపులు పోయాయి, పెరిస్కోపు అద్దం పోయింది,
వంటగది ఓవెన్ తలుపు కూడా పోయింది.
"ఇదొక్కటీ" అంటాం ప్రతిసారీ,
గ్లాసు పట్టుకుని పొరుగింటికి పంచదారకెళ్ళినట్టు.

గుప్పెడంత ఇత్తడి.
మెడలో తాడుకు మూడు చీటీలు.
మొదటిది పాతికేళ్ళ కిందటి సిరా,
రెండోది తడికి అలుక్కుపోయింది,
మూడోది నా చేతిరాతే.
నాలుగోది కడుతున్నాను.
అన్నిటి మీదా ఒకటే మాట: తిరిగి ఇవ్వవలెను.
ఎవరూ ఎవరికీ ఇచ్చింది లేదు.

"ఏం చేస్తుందిది?" అడిగాడు కొత్తగా చేరిన ఫింగల్.
నీళ్ళు ఆపుతుంది. అవసరమైతే వదులుతుంది.
వాల్వు పని అంతే.
దానికి నలభై అడుగుల అవతల
నిలువు గొట్టాల్లో నిద్రపోయేవాటి సంగతి
నా పుస్తకంలో లేదు.
వాటిది వేరే కొండ, వేరే తాళం.
నాకు తెలిసిందల్లా
ఎన్నడూ వాడకూడని దాన్ని
ఏ క్షణాన్నైనా వాడగలిగేట్టు ఉంచడానికి
ఇంత ఇత్తడి అరుగుతుంది.

మొన్న ఒకటి నూట తొంభై రోజులకి తిరిగొచ్చింది,
ఒంటి నిండా నాచు, అక్కడక్కడ పలకలు ఊడి.
స్టోకర్ రెన్నీ వెలుగుకి కళ్ళు చిట్లిస్తూ
విరిగిన ముక్కల్ని గుడ్డలో మూటగట్టి తెచ్చాడు.
ఒక్కోదానికీ తేదీ, గంట, లోతు.
లోతు మీద మాత్రం నల్లగీత.
అమ్మమ్మ పోయి నాలుగు నెలలైందని
గట్టు మీద కాలు పెట్టాకే చెప్పారట.
ఆ తేదీ నోటుబుక్కులో వెతుక్కున్నాడట:
ఆ రోజు మార్చినవి
రెండు గాస్కెట్లు, ఒక బల్బు.

గేటు బయట, రోడ్డు వార, రంగులేసిన కారవాన్లు,
అక్షరాలు కారిపోయిన బ్యానరు.
ఊనా పెట్రీ పదిహేడేళ్ళుగా అక్కడే.
అణ్వస్త్రాలొద్దని పొద్దున నా కారుకేసి అట్ట చూపిస్తుంది,
సాయంత్రం చెయ్యూపుతుంది.
మంగళవారం వానలో కారు అద్దం తట్టింది.
"కుళాయి కారుతోంది, ఒక వాషరు దొరుకుతుందా?
అంత పెద్ద స్టోరు గదా నీది."
లేదన్నాను. నోటికి అలవాటు.
లోపల లక్షా ఎనభై వేల వాషర్లు.
ఒక్కటీ లెక్కకి బయట లేదు.

ఇంటికెళ్ళి, కోటైనా విప్పకుండా,
మా వంటింటి కుళాయి విప్పాను.

పొద్దున ఆమె అరచేతిలో పెడితే
"చేబదులే. తిరిగిస్తా" అంది నవ్వుతూ.
చీటీ కట్టలేదు.

అంతకుముందు, ఆ రాత్రంతా, మా సింకులో చినుకు.
గిన్నె పెట్టి పడుకున్నాను.
లేచి కొలిచాను:
ఏడు గంటలకి లీటరున్నర.
రాసి పెట్టుకున్నాను.