నీడకి ఏ రంగు

గున్నయ్య జ్యూసు షాపుకి బోర్డు వెయ్యమన్నాడు.
నాలుగడుగుల రేకు, ఎనామిల్ డబ్బాలు, ఖర్చంతా తనదే.
"పళ్లన్నీ ఉండాల. అన్నీ మెరవాల.
పేరు పైన ఒడియాలో, కింద తెలుగులో."

గుణుపురంలో ముప్పయ్యేళ్లుగా నా పని ఇదే.
ఒడియా అక్షరానికి గొడుగు పడతాను,
తెలుగు అక్షరానికి తలకట్టు కడతాను,
ఆపిల్ మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే:
ఎర్ర గుండ్రం, దానిమీద తెల్ల చుక్క.
ద్రాక్షకి చుక్క. బత్తాయికి చుక్క.
చుక్క ఎందుకని ఎవరూ అడగలేదు,
నేనూ అడగలేదు.

ఆ వారం ఎందుకో
కుంచె కడిగేసి సంతకి నడిచాను.
జ్యేష్ఠం ఎండ. వంశధారలో
నీళ్లకన్నా ఇసకే మెరుస్తోంది.
కొండ దిగొచ్చిన మినతి సబర
గోనెపట్టా మీద పళ్లు పేరుస్తోంది:
రెండు అనాసలు, ఆకుదొప్పలో పనసతొనలు,
కొండమామిడి, గంపెడు నేరేళ్లు.
కుప్ప నిండుగా కుదిరాక
పైనుంచి ఒక మామిడిపండు తీసి పక్కకి వదిలింది.
దొర్లి ఆగినచోటే దాన్ని ఉండనిచ్చింది.

"అదేటి, చెడగొట్టీసినావు?"
"నిండుగుంటే ఎవులూ చెయ్యెట్టరు బావూ.
ఒకలు తీసినట్టుంటే
ఇంకొకలు తీస్తారు."

ఇన్నేళ్ల నా బోర్డుల్లో
చెయ్యి పెట్టే సందు ఒక్కటీ లేదు.

అక్కడే నేలమీద కూలబడ్డాను.
పొద్దు ఏటివైపు వాలుతోంది.
వెలుగు ఒక పక్కనించే వస్తుందని
అప్పుడు చూశాను, ఈ వయసులో.
అనాస కళ్లు ఆ పక్క తెరుచుకుని
ఈ పక్క మూసుకున్నాయి.
మామిడి కడుపు కింద నలుపే ఉంటుందనుకున్నానా,
పక్కనున్న నేరేళ్ల ఊదా అంతా అక్కడికి పాకింది.
తొన పసుపు పడి దొప్ప ఆకు లేతయింది.
నేరేడు మీద చుక్క తెలుపు కాదు, నీలం.
వంగి చూస్తే ఆకాశం,
దానికి అడ్డంగా ఒక గీత, టార్పాలిను తాడు.
ఇంకాస్త వంగితే
నా తల.
ఏ బోర్డు మీదా సంతకం పెట్టినవాణ్ణి కాదు,
అందులో ఉన్నాను, ఆవగింజంత.

మూడు రోజులు గీశాను.
కొనుక్కొచ్చిన మామిడికి రెండోనాటికి మచ్చపడింది.
మచ్చా వేశాను.
మూడోనాటికి ముచికె దగ్గర చీమలు.
చీమల్ని వెయ్యలేదు, గున్నయ్య భయానికి.
నల్లరంగు డబ్బా మూత తియ్యనే లేదు.
నీడలన్నీ ఆ ఊదాతోనే, కాస్త ఆకుపచ్చ కలిపి.
రేకులో సగం చీకటి.
అంచు దగ్గర, గుంపుకి దూరంగా, ఒక్క పండు.

గున్నయ్య దగ్గరనించి చూశాడు, దూరంనించి చూశాడు.
"కరెంటు పోయినప్పుడు గీసినావేటి?
ఆ పండు కిందపడిపోద్ది."
సగం డబ్బులిచ్చి రేకు నన్నే ఉంచుకోమన్నాడు.
మర్నాడు ఇంకో రేకు మీద పదకొండు పళ్లకి
పదకొండు తెల్ల చుక్కలు పెట్టిచ్చాను.
బాగుందన్నాడు. బాగానే ఉంది.
చెయ్యేమీ వణకలేదు.

మొదటి రేకు మినతి అడిగింది.
నాలుగు వెదురు గుంజలు పాతి పైకప్పుగా కట్టుకుంది,
బొమ్మ కిందవైపుకి.
"వానకి తడిస్తే రంగు పోదా" అంది.
రేకు వీపుకి తుప్పు పడుతోంది.
రోడ్డున పోయేవాళ్లకి అది ఉత్త రేకు.
గొంతుక్కూచుని బేరమాడుతూ తలెత్తినవాళ్లకి మాత్రం
ఆ సగం చీకటి పళ్లు.

మొన్న సంతకి వెళ్లినప్పుడు
నేను వేసిన పళ్ల నీడ
ఆమె పళ్ల మీద పడి ఉంది.
ఏ రంగులో ఉందో చూద్దామని వంగాను.
ఇంతలో ఎవరిదో చెయ్యి
నా చెవి పక్కనించి వచ్చి
ఆ సందు దగ్గర ఒక మామిడి తీసుకుంది.