పట్టిక మూడు కింద

టార్టులో మంచు పట్టి నాలుగో రోజు.
డాక్టర్ హెల్యె తమ్మిక్ వ్యాసం అచ్చయి వచ్చింది.
పుర్రె తెరిచి కుట్టిన రెండువందల పన్నెండుమంది,
మూర్ఛ రాకుండా వాళ్ళకిచ్చిన మాత్ర,
అది చేసిన మేలూ, చెరుపూ.

పట్టిక మూడు అడుగున చీమ తలకాయంత అక్షరాలు:
"ఒకరు మధ్యలో మందు మానేశారు.
కారణం నమోదు కాలేదు."

కారణం ఆమెకు తెలుసు.
పియానోలు శ్రుతి చేసే ఉర్మస్‌కి
మాత్ర మొదలెట్టిన వారానికే
లోకమంతా అరస్వరం కిందికి దిగి వినిపించింది.
చర్చి గంట కూడా.

ఫారంలో వాంతికి గడి ఉంది,
దద్దురుకి ఉంది, తల తిరగడానికి ఉంది.

"మూర్ఛొస్తే రానీండి.
శ్రుతి పోయాక నేనెవణ్ణి?"
ఉన్నిటోపీ కుట్ల మీదికి లాక్కుని
మెట్లు దిగిపోయాడు.
మళ్ళీ రాలేదు.

ఆమె రెండు వాక్యాలు రాసింది అతని గురించి.
చోటు చాలదన్నారు పత్రికవాళ్ళు.

సాయంత్రం ఇంటికెళ్తూ
ఆస్పత్రి హాల్లో దుమ్ముపట్టిన పియానో దగ్గర ఆగి
చేతితొడుగు తీసి
ఒక్క మెట్టు నొక్కింది.
ఇంకోసారి నొక్కింది.

ఆమె చెవికి
అది బాగానే ఉంది.