నూరు కడీలు

మా ఆఫీసు బీరువాల అడుగు అరలో
బట్ట మీద అంటించిన నక్షా ఒకటుండేది.
మడతల కాడ చినిగి ఊరు నాలుగు ముక్కలైంది.
ఉర్దూల పేర్లు రాసిన బావులు,
చుక్కల గీతల బండ్ల బాటలు,
మూలకు వేలిముద్రంత చాయ్ మరక.
పనిల చేరిన కొత్తల అది కుంట అనుకున్న.

ముప్ఫై ఏండ్లు ట్రేసర్ పనే.
కింద దీపం, దీపం మీద అద్దం,
అద్దం మీద ఊరు, ఊరి మీద పల్చటి కాయితం.
ఇప్పుడు ఆ దీపం ఫోన్లకే వచ్చింది.
నక్షాను ఫొటో తీసి
ఉపగ్రహం బొమ్మ మీద పరిచిన.
బొటనవేలు కుడికి జరిపితే కృష్ణ నీళ్లు,
ఎడమకు జరిపితే గొందిపల్లె, మా కమ్మరి కొలిమి.
పాలమూరు బస్సుల కూసొని
కొల్లాపూర్ దాక
ఊరిని ముంచుకుంట, తేల్చుకుంట పోయిన.

రెండు బొమ్మలు అతకాలంటే
కదలని చోట్లు మూడు కావాలె.
కొండ మీది బురుజు ఒకటి.
ఏనుగు గుండు రెండు.
మూడోదానికి మూడు ఎండకాలాలు పట్టింది.
నీళ్లు బాగ దిగిన ఏడు
ఒండ్రుల తెల్లటి సున్న తేలింది:
చింతల బాయి ఒర.

గఫార్‌ది పాతినుప సామాను దుకాణం.
జల్లెడ అంచుకు రాగితీగ చుట్టి,
పాడైన రేడియో డబ్బాను దానికి కట్టి
తనే చేసుకున్నడు మిషను.
ఇనుము మీదికి పోతే
గొంతు పూడిన కోడి లెక్క అరుస్తది.
చాపలోళ్లు వల దులుపుకుంట అడిగిన్రు:
"లంకెబిందెలా అమ్మా?"
"కాదు, లాడాలు" అన్న.
వాళ్లకు ఇంకా నవ్వొచ్చింది.

మా తాత ఈదయ్య ఎడ్లను పండేసి
లాడాలు కొట్టిన జాగల
వంగిన మేకులు రాలి ఉంటయని నా లెక్క.
నక్షాల కొలిమి ఉన్న చోట మిషను పలకలే.
పగిలిన ఒండ్రు, నత్తగుల్లలు, ఒక రబ్బరు చెప్పు.
గఫార్ విసిగి బీడీ ముట్టిచ్చి
ఊకెనే తూర్పు దిక్కు నడిసిండు.
అప్పుడు అరిసింది.
తవ్వితే మేకులు, పిడికెడు,
తుప్పుతోటి ఒకదాన్నొకటి పట్టుకొని.

ఆఫీసు వేలంల కొన్న గొలుసు పరిచి కొలిసిన.
నూరు కడీలు. పూర గొలుసు.
కాయితం ఎండకు కుంచించుకపోతే
ఏడు కడీలో పన్నెండో తేడా రావాలె.
తప్పు ఇంత గుండ్రంగ ఉండది.

తాత తాగినప్పుడల్ల ఒకటే మాట:
"హద్దు రాయి కింద బొగ్గు పోసి మేకు దించింది నేను.
రాయిని రాత్రికి రాత్రి జరుపుతరు.
మేకు సంగతి ఎవనికి యాదుంటది?"
మేము మంచం దూరంగ గుంజుకొని పండుకునేది.

నక్షా చెప్పిన చోట రాయి ఉన్నది, ఒరిగి.
దాని కింద ఒట్టి మన్ను.
తూర్పుకు నూరు కడీలు పోయి
మూరెడు తవ్వితే ముందు చేతికి నలుపంటింది.
బొగ్గు.
బొగ్గు కింద నాలుగు పలకల మేకు,
తల మీద సుత్తె దెబ్బలు
నిన్న కొట్టినట్టు.

రాయికీ మేకుకూ నడుమ పట్టీ
నక్షాల పట్వారీది.
పరిహారం నక్షా ప్రకారం ముట్టింది.
ఇప్పుడు దాని మీద చాపలు మేస్తయి.
ఆ నక్షాకు రెండుసార్లు నకలు తీసింది నేనే.
గీత ఎక్కడ వణకలేదని
సారు పదిమందిల మెచ్చుకున్నడు.

రాత్రి దుకాణంల కూసొని
ఫోన్ల రాయిని మేకు మీదికి లాగిన.
బురుజు కొండ దిగి నదిల నిలబడ్డది.
బురుజును కొండెక్కిస్తె
మేకు మళ్ల పట్వారీ చేన్లకు పోయింది.
బొటనవేలు నడిమిట్ల ఆపి చూసిన:
సగం నీళ్లు, సగం ఊరు,
రెండింటి కింద నా చెయ్యి నీడ.

గఫార్ అన్నీ తక్కెట్ల ఏసి
"పావు కిలో గూడ లేదక్కా" అన్నడు.
నాలుగు పలకలది ఒక్కటి తీసుకున్న.
ముల్లు కొంచెం కదిలింది.