టికెట్ల కిటికీ వెనక ఒరియెతా

తలుపు గడియ వెయ్యి యస్నా,
ఇవాళ ఎటూ పడవ కదలదు.
గాలి తొంభై దాటిందని రేవు మూసేశారు.
పొర్వెనీర్ పోవాల్సిన గొర్రెల లారీలు
వరసగా నిలబడి ఊగుతున్నాయి.
ఆ ఊరికి ‘రాబోయే కాలం’ అని పేరు పెట్టినవాడు
ఈ జలసంధిని వేసవిలో చూసి ఉంటాడు.
టీ పోస్తాను. విను.

గురువారం కదా నీకు?
ముట్టు ఆగిన రెండు మూడు రోజులకి పిలుస్తారు.
లోపల ఎవరూ లేరని
వాళ్ళకి రూఢి కావాలి.
నవ్వకు. నాకూ నవ్వొచ్చింది,
ఎవరో ఉండాలనే కదా వెళ్ళేది.

గంట ముందు నొప్పి మాత్ర వేసుకో,
పరగడుపున వద్దు, రొట్టె ముక్క తిను.
సంచిలో ఓ ప్యాడ్ పడెయ్.
తర్వాత ఒకటి రెండు రోజులు జిగురుగా కారుతుంది,
మరక చూసి కంగారు పడకు.
జ్వరమొస్తే మాత్రం, వాసనొస్తే మాత్రం
ఫోన్ నాకు కాదు, వాళ్ళకి చెయ్.

గది చల్లన.
బల్ల ఇంకా చల్లన.
మోకాళ్ళు మడిచి, పాదాలు ఎడంగా పెట్టి
పైకప్పు చూస్తూ పడుకుంటావు.
నా రోజుల్లో అక్కడ తడి మరక ఒకటి ఉండేది,
సగం కోసిన ఉల్లిపాయలా.
ఈపాటికి సున్నం వేసే ఉంటారు.
ముందు ఇనుప చెంచా లాంటిది, తర్వాత సన్నటి గొట్టం,
ఆ తర్వాత రంగు మందు.
అప్పుడే.
నొప్పి అనరు వాళ్ళు,
‘కొంచెం ఒత్తిడి’ అంటారు.
ఒత్తిడంటే నాకు తెలుసు,
పండగ వారం ఈ కిటికీ దగ్గర ఉండేది ఒత్తిడి.
ఇది, ముట్టు నొప్పినంతా
ఒక్క పిడికిట్లో పట్టి మెలిపెట్టినట్టు.
మా చెల్లెలికి చీమ కుట్టినంతే.
నాకు కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి.
వెల్లకిలా పడుకుని ఏడిస్తే
అటే పోతాయని అప్పుడే తెలిసింది.
మొత్తం పది నిమిషాలు,
నొప్పి అందులో ఒకటో రెండో.
ఆపమంటే ఆపుతారు. ఆ మాట
నాలుక చివరే పెట్టుకో.

తెర ఉంటుంది. ఇటు తిప్పమని అడుగు.
నేను సిగ్గుపడి అడగలేదు,
డాక్టరు కళ్ళద్దాల్లో చూశాను,
కుడి ఎడమలు తారుమారై.
మధ్యలో తెల్లటి త్రికోణం,
రెండు మూలల నుంచీ రెండు పోగులు,
సూదిలోకి ఎక్కించేంత సన్నం.
పోగు చివర పొగలా విచ్చుకుని
కడుపులోకి చెదిరిపోతే దారి ఉన్నట్టు.
నావి రెండూ
కాస్త దూరం పోయి, ఆగి, అక్కడే ఉబ్బాయి.
ఆయన ఏమీ అనలేదు.
ఇంకోసారి తోశాడు.
నర్సు వచ్చి నా మడమ పట్టుకుంది.

పద్దెనిమిదేళ్ళైంది.
ఎలిసేయో అప్పుడు ఉన్ని కత్తిరించే గుంపుతో
ఎక్కడో పచ్చికబీళ్ళలో ఉన్నాడు.
రాత్రి రేడియో ఫోన్లో చెప్పాను.
అటునుంచి గరగర.
విన్నాడో లేదోనని మళ్ళీ చెప్పాను.
ఆ రెండోసారి చెప్పడం, యస్నా,
ఆ గొట్టం నయం.

నీదీ అంతే అనడం లేదు.
ఒక్కోసారి కండరం భయంతో బిగుసుకుని
ఉన్న దారే లేనట్టు కనిపిస్తుందట.
ఒక్కోసారి ఆ మందు తోపుకే చిన్న అడ్డు తొలగి
నెలల్లో కడుపు పండినవాళ్ళూ ఉన్నారట.
అట అంటున్నాను, చూడు.
హామీలు నా దగ్గర లేవు,
ఉన్నవి టికెట్లు.

గురువారం నేనూ వస్తాను.
ఆ వీధి మూల మీద, మనుషులు ఎగిరిపోకుండా
తాళ్ళు కడతారు కదా,
తిరిగొచ్చేటప్పుడు కాళ్ళు తేలిపోతాయి నీకు.
ఓ చేత్తో తాడు పట్టుకో,
ఇంకో చేత్తో నా కోటు.
నవ్వేవాళ్ళు నవ్వనీ,
వాళ్ళూ పట్టుకునే నడుస్తుంటారు.

ఉండు, ఫోన్.
లేదండీ, పొర్వెనీర్ పడవ ఇవాళ లేదు.
రేపా? నాకెలా తెలుస్తుంది,
గాలికి తెలియాలి.
పొద్దున్నే మళ్ళీ చెయ్యండి.