పెడచెవి

మా ఆఫీసు గోడ మీద రెండు పట్టికలు.
ఒకటి శాంతియాగో నుంచి మంత్రిత్వశాఖ పంపింది,
రంగురంగుల గళ్ళు, గళ్ళలో గడువులు.
ఇంకోటి ఆటుపోట్లది.
ఏడేళ్ళుగా చూస్తున్నాను,
రెండోది ఒక్కసారీ మొదటిదాని మాట వినలేదు.

నర్సు మంగళవారం ఖాళీ.
పడవ గురువారం కదులుతుంది.
పాలపొడి శుక్రవారం రేవుకొస్తుంది,
వానొస్తే రాదు.
చిలోయేలో వానొస్తే అనడం
మిగతాచోట్ల తెల్లవారితే అనడం లాంటిది.

తొమ్మిది దీవులు, పదకొండు పసిపిల్లల బడులు,
నూట ముప్ఫై నాలుగు జతల చిట్టి రబ్బరు బూట్లు.
వీటన్నిటికీ నేను సమన్వయకర్తని.
మా అమ్మకి ఆ మాట నోరు తిరగదు.
"మా ఓర్ఫెలీనా తడిసిన కాగితాలు ఆరబెడుతుంది"
అని చెబుతుంది సంతలో.
అబద్ధం కాదు.

ఈ మార్చిలో ఎలియేసెర్ పడవ ఇంజను
కెనాక్ రేవులో మొరాయించింది.
రాత్రి బడిలోనే పడక.
పొయ్యి మీదుగా తాడు కట్టి
మూడు బడుల నిరుటి పుస్తకాలు ఆరేశాను.
ఆ ఆవిర్లో ఒకే పేరు మూడు చేతిరాతల్లో:
సయెన్ బార్రియా, నాలుగేళ్ళు.

అలావ్‌లో, జూన్ నుంచి రావడం లేదు.
కెనాక్‌లో, అక్టోబరు దాటాక కనబడలేదు.
అపియావ్‌లో, మార్చిలో పేరు రాశారు, నవంబరు దాకా జాడ లేదు.
మూడింటా ఎర్రసిరా సున్నాలు.

పక్కపక్కన పరిచి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాను.
తల్లికి ఆలుగడ్డలు తవ్వే కాలానికో దీవి,
ఆల్చిప్పలు ఒలిచే షెడ్డు తెరిస్తే ఇంకో దీవి,
నాచు ఏరే ఎండలకి మరోటి.
మూడుచోట్లా బడి ఎగ్గొట్టిన పిల్ల
ఏడాదిలో ఒక్క పూటా బడి మానలేదు.

అప్పుడు గమనికలు చదివాను.
ఓతీలియా, ముప్ఫై ఏళ్ళ అనుభవం, గుండ్రటి అక్షరాలు:
"మొండిది. చెప్పిన మాట పెడచెవిన పెడుతుంది."
ఎర్మిందా: "పిలిస్తే ఓసారి పలుకుతుంది, ఓసారి పలకదు.
ఇంట్లో ఏదో దిగులేమో."
కెనాక్‌లో కొత్తమ్మాయి, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, పెన్సిలుతో:
"కథ చెబుతుంటే ఎప్పుడూ నా ఎడమపక్కే కూర్చుంటుంది.
అక్కడ ఎవరున్నా తోసేస్తుంది. ఎందుకో తెలీదు."

లేచి వెళ్ళి
ఆ ఎడమపక్క చిట్టి కుర్చీలో కూర్చున్నాను,
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా.
నాకు కుడివైపు టీచరు కుర్చీ.
ఎడమవైపు కిటికీ, అవతల సముద్రం.
ఎడమచెవి మూసుకున్నాను.
సముద్రం సగం దూరం జరిగిపోయింది.

పెడచెవిన పెట్టడం కాదు తల్లీ,
ఉన్న ఒక్క మంచి చెవినీ మాకివ్వడానికే
నువ్వు తోపులాడావు.

ముగ్గురూ చూశారు.
చూసినంతే రాశారు, ఆ ఒక్క మొండితనం తప్ప.
మధ్యలో నీళ్ళున్నాయి.

పొద్దున రేడియోలో ముగ్గురినీ కలిపాను,
ఒకరి గొంతు ఒకరు వినడం అదే మొదలు.
ఓతీలియా చాలాసేపు పలకలేదు.
సిగ్నల్ పోయిందనుకున్నాం.
"రెండుసార్లు మూలన నిలబెట్టాను" అంది.
ఏ వైపు గోడో కూడా గుర్తుంది ఆవిడకి.

కాస్త్రోలో చెవి డాక్టరు బుధవారమే ఉంటాడు.
పడవేమో గురువారం.
ఎలియేసెర్ గోడ మీది రెండో పట్టిక చూశాడు,
గడ్డం గోక్కున్నాడు.
"నాలుగున్నరకి పోటు. చీకట్లో బయల్దేరదాం."

నివేదికలో ఒక గడి ఉంది:
సమన్వయం ద్వారా సాధించిన ఫలితాలు.
రెండు వరసల చోటు.
కుర్చీ జరిపాం, అని రాశాను.
ఇంకో వరస ఖాళీగానే ఉంది.

మిగతా ఎనిమిది పుస్తకాలు
ఇంకా ఆరలేదు.