ఆదివారం దాకా ఉండు

పోర్ట్ టాల్బట్‌లో వాన పక్కనుంచి కొడుతుంది.
సముద్రం మీంచి లేచి,
ఆరిపోయిన ఉక్కు కొలిముల్ని తడిమి,
నేరుగా నా కాలరులోకి దిగుతుంది.

ఇరవై రెండేళ్ళుగా ఇవే నాలుగు వీధులు నావి.
పోస్టుసంచీ భుజం మార్చుకుంటూ నడుస్తాను.
ఉత్తరాలెక్కడివిప్పుడు? అన్నీ కవర్లే.

ఏ ఇంటి బాకీ ఎంత ముదిరిందో
వేళ్ళకే తెలిసిపోతుంది.
పలచగా ఉంటే గుర్తుచేయడం,
మందంగా ఉంటే బెదిరించడం,
చేత్తో రాసినట్టు అచ్చేసి పంపారా,
అది అన్నిటికన్నా చెడ్డది:
స్నేహితుడి గొంతు అరువు తెచ్చుకున్న అప్పులవాడు.

నావీ నా సంచీలోనే వస్తాయి.
తెల్లారకముందు సార్టింగు గదిలో డెలిత్
ఏమీ చూడనట్టు వాటిని బోర్లా పెడుతుంది.
ఆ దయ చెంపదెబ్బలా తగులుతుంది.

నా తలుపు చీలికలోంచి నాకే వేసుకుంటాను.
లోపల పట్టా మీద పడ్డ చప్పుడుకి
ఎవరూ లేని ఇంట్లో ఎవరో ఉలిక్కిపడినట్టుంటుంది.
సాయంత్రం వాటి మీంచి అడుగేసి లోపలికి పోతాను.

మొదట వాషింగ్ మెషీన్ కోసం.
తర్వాత ఆ వాయిదా కట్టడానికి ఇంకొకటి.
తర్వాత ఒకరోజు తిండికి కార్డు గీశాను,
అంతే, పెద్ద కథేం లేదు.
కార్డిఫ్ నుంచి అక్క ఫోన్ చేస్తుంది.
"బాగున్నావా?" "బాగున్నా."
ఆ రెండు మాటల మీదా వడ్డీ పెరుగుతూనే ఉంది.

దిగులంటే ఏడుపనుకునేదాన్ని.
సబ్బునీళ్ళలో చేతులు పెట్టి
ఏ గిన్నె తోముతున్నానో మరిచిపోవడమట.
నీళ్ళు చల్లబడతాయి.
గోడ మీద కరెంటు మీటరు
అరువిచ్చిన ఐదు పౌన్లని లెక్కపెడుతూ మెరుస్తుంది.
టీ మరో గంటకి వాయిదా వేస్తాను,
ఆ గంటా గడిచాక రేపటికి.

నలభై ఒకటో నంబరు, ఎమ్లిన్ ప్రాసర్.
ఒక గురువారం ఆయన తలుపు
నా కవరు మింగనంది.
లోపల గుట్ట.
తట్టాను. తట్టకూడదు నిజానికి,
ఆగకూడదు, అడగకూడదు.
గుట్ట ఒప్పుకున్నంత మేరకే తలుపు తెరుచుకుంది.
ఆ సందులో సగం మొహం, గడ్డం మాసి.
"మా మెగన్ చూసుకునేదివన్నీ," అన్నాడు.
"నాకు వాటిని ముట్టుకుంటే చెయ్యి ఆడదు."
నోరు జారింది:
"నాకూ నావంటే అంతే."

వాన పడుతూనే ఉంది.
ఆయన చాలాసేపు ఆలోచించి అడిగాడు,
"మరి నావి నువ్వు చింపగలవా?"

అలా ఆదివారం, ఆయన వంటింటి బల్ల.
నా కవర్లు బ్రెడ్డు సంచిలో మోసుకెళ్ళాను.
ఆయన కత్తితో నావి ఆయన,
నా గోటితో ఆయనవి నేను.
ముప్పై ఏళ్ళు క్రేను నడిపిన మనిషి,
బరువులు పిలిచే గొంతుతోనే చదివాడు:
"గ్యాసు. నూటపద్నాలుగు. ఎడమకి."
"నీళ్ళు. ఆగగలవు. కుడికి."
"ఇది ఊరికే మొరిగేది. కింద పెట్టు."
పరాయివాళ్ళ బాకీ ఒట్టి అంకె.
మనదైతే చాలు, అది తీర్పయిపోతుంది.

ఒక కవరు లైబ్రరీ వాళ్ళది.
ఏడాది కిందటిది.
మెగన్ పుస్తకానికి జరిమానా రద్దు చేశామని.
దాన్ని ఎడమకా కుడికా ఎటూ పెట్టలేక
చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు.
నేను లేచి కెటిల్ పెట్టాను,
మీటరు ఆయనది, పాలు నావి.

అప్పులేం తీరలేదు.
బుధవారం చాపెల్ హాల్లో
సలహాలు చెప్పే ఆవిడ ఉంటుందట,
కాగితాలన్నీ తెమ్మంది, ఇద్దరికీ కలిపి ఒకటే సంచి.
నిన్న రాత్రి కూడా నిద్ర పట్టలేదు.
మూడింటికి లేచి, కారణం లేకుండా, మెట్ల మీద కూర్చున్నాను.

ఇవాళ నలభై ఒకటో తలుపు
గోడకి తగిలేదాకా తెరుచుకుంది.
తిరిగొచ్చి నా చీలికలో నా కవరు వేస్తూ
వంగి, లోపలికి, మెల్లగా అన్నాను:
ఆదివారం దాకా ఉండు.