కాయలేరే చేయి

దామలచెరువు మండీలో
ఇరవై రెండేండ్లుగా మామిడికాయలు ఏరతా ఉండా.
చేత్తో పట్టుకుంటే చాలు,
ఇది రేపటికి పండుతుంది, ఇది ఎల్లుండికి,
దీంట్లో టెంకపురుగుంది, పక్కన పెట్టమని చెప్పేస్తా.
నా లోపలేముందో మాత్రం
శకీలా నర్సు వేలు పొడిచి చెప్పింది.
రెండొందల అరవై ఎనిమిది.
"బేనీషా రేటా మేడమ్?" అన్నా.
నవ్వలేదు ఆయమ్మ.

మొదటి నెల పండు ముట్టలా.
మాగేసిన గదిలోకి పోతే
ముక్కుకి పైటకొంగు అడ్డం పెట్టుకున్నా.
జలుబనుకున్నాడు మేస్త్రీ.
ఒక రాత్రి సంగటి ముందర కూర్చుని ఏడిస్తే
పండుకోసం ఏడ్చినానంటే నవ్విపోతారని
తప్పు ఉల్లిగడ్డ మీదికి నెట్టేసినా.

కివీ తినమని చెప్పింది పాలసొసైటీ తులసమ్మ.
తిరుపతిలో అద్దాల అంగడి, లోపల చల్లగాలి,
పండు పండుకీ బొట్టుబిళ్ళ మాదిరి స్టిక్కరు.
ఒకటి నలభై అంట!
నాలుగు కొంటే నా పూట కూలి.
ఎలకపిల్ల మాదిరి నూగు దానికి.
చేతిలో పట్టుకుని చూస్తి.
అది నా చేతికి ఏమీ చెప్పలా.
పెట్టేసి వచ్చేస్తి.

బస్టాండు బయట కుప్పమ్మ గంప.
"బాగా మాగింది వద్దు మే, దోరజామ తీసుకో.
ఉప్పూకారం రవంతే."
ఇరవైకి మూడు.
కొరికితే కటుక్కుమనింది.
పంటిసందులో ఇరుక్కున్న గింజని
పాకాల దాకా నాలుకతో వెతుక్కుంటా వచ్చినా.
పండంటే తీపేనని
ఇన్నేండ్లు ఎవరు చెప్పినారో నాకు.
వగరని ఒకటుంది గదా.

ఇంగ ఆడినుంచి మొదలు.
అల్లనేరేళ్ళు దోసెడు తింటే
ఊదారంగు నాలుక చూసి మనవరాలు జడుసుకుంది.
దొడ్లో బొప్పాయి, అరచేతిలో పట్టినంతే.
చేయి నాదే గదా అని
వేళ్ళు బాగా చాపి పట్టేదాన్ని.
సీతాఫలం జోలికి పోలా.
పోయినాలే, ఒకసారి. సగమే.

ఈ ఎండాకాలం నేనే అడిగినా,
"మామిడి అసలుకే వద్దా మేడమ్?"
కాగితం చూసింది. నూటా అరవై రెండు.
"ఒక చెక్క. ఆ పూట సంగటి తగ్గించు.
రసం పిండుకుని తాగొద్దు, నమిలి తిను."

వేల కాయలు చేతిమీదుగా పోయే దినాన
నాకోసం ఒకటి ఏరుకోవడం ఎంత కష్టం!
పొద్దున్నుంచీ పట్టి పట్టి చూస్తా ఉంటే
"ఏమ్మే, చేయి ఆడలేదా?" అని అరిచినాడు మేస్త్రీ.
సాయంత్రానికి దొరికింది.
తొడిమ కాడ నల్లమచ్చ, గ్రేడు తప్పిన కాయ.
"తీసుకుపో" అన్నాడు, చూడకుండానే.

రెండోనాటికి పండింది, నేను చెప్పినట్టే.
ఒక చెక్క మనవరాలికి, టెంకా దానికే.
నా చెక్క మీద కత్తితో గళ్ళు గీసి
ఒక్కో గడి నోట్లో పెట్టుకున్నా.
పదకొండు.
మచ్చ ఉన్న చోట ఇంకా తియ్యగుంది.
తొక్క పారెయ్యమ్మా అంటుంది పిల్ల,
ఉండవే, ఉండు.